నాగేంద్రమ్మ గారి కొసరు

నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే రోడ్డులో నాకొక ఎరువుల కొట్టుంది. దాన్ని ఆనుకునే నాగేంద్రమ్మ గారి మామిడి నర్సరీ. మధ్యలో ముళ్లకంచె. ఆ కంచె అవతల ఉండి ఆవిడ నా వ్యాపారానికి చేసిన నష్టం ఇంతా అంతా కాదు. ఈ మాట ఆవిడ మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను, ఆవిడా ఎన్నోసార్లు నవ్వేసి ఊరుకుంది. కాబట్టి చాటుగా చెప్పుకోవాల్సిన పనేం లేదు.

సంగతేమిటంటే ఆవిడకి కొసరు జబ్బుంది. నర్సరీలో ఎవరు అంటుమొక్కలు కొన్నా పైన ఇంకో మొక్క ఊరికే చేతిలో పెడుతుంది. ఆ మనిషి దాన్ని చంకలో పెట్టుకుని తిన్నగా నా కొట్టుకొస్తాడు. ఎరువు బస్తా ఎత్తించుకుంటాడు, డబ్బులిస్తాడు, ఇక కదలడు.

“ఏంటయ్యా, ఇంకేం కావాలి?”

“అదేనండీ, కొసరు.”

“ఎరువుకి కొసరేంటయ్యా!”

“అక్కడ అమ్మగారు ఇచ్చారు కదండీ.”

ఇదీ వరస. బస్తా మీద ధర ముందే అచ్చేసి ఉంటుంది. అందులో నాకు మిగిలేదే గోరంత, ఇంక కొసరేం తేను, నా బొంద! ఇవ్వనంటే పిసినారి పాండురంగారావు అని పేరు. ఆ పేరు కాస్తా రోడ్డు పొడుగునా పాకిపోయింది.

ఆవిడ కొసరు ఊరికే ఇచ్చేస్తుందా అంటే అదీ కాదు. మొక్కని చేతిలో పెట్టి, వదలకుండా పట్టుకుని, “ఎక్కడ పెడతావు?” అని అడుగుతుంది. తోటలో పెడతానంటే కుదరదు. ఇంటి దగ్గర, ఎవరో ఒకరు రోజూ చేతులు కడుక్కునే చోట పెట్టాలి. ఆ చోటు చెబితేనే పట్టు వదులుతుంది. చాట్రాయి నుంచి కోడలిగా వచ్చి, కూలీల దగ్గర అంటుకట్టడం నేర్చుకుని, ఈ నర్సరీ నిలబెట్టిన మనిషి ఆవిడ. బొడ్లో ఎప్పుడూ చిన్న కత్తి ఉంటుంది, చేతులనిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. భర్త లక్ష్మీనరసింహారావు గారు వరిపొలం చూసుకుంటారు. ఆయన నర్సరీ వైపు తొంగి చూడరు, చూస్తే మొక్కలు మోయిస్తుందని భయం.

కొసరు ఒక్కటే కాదు, ఆవిడకి ఇంకో పిచ్చి కూడా ఉంది. ఎవరో ఎక్కడో సంతలో కొన్న మొక్క వాడిపోతుంటుంది. దాన్ని తెచ్చి ఆవిడ ముందు పెడతారు. నీ దగ్గర కొన్నది కాదుగా, నీకెందుకమ్మా? ఊహూ. “అయ్యో, పాపం. ఇలా తే” అని తీసుకుని మా గోడౌను నీడ పడే చోట కంచె వారగా పెట్టుకుంటుంది. నీళ్లు పోస్తుంది, కవరు మారుస్తుంది, పొద్దున్నే పలకరిస్తుంది. ఆ వరసకి నేను ఆసుపత్రి అని పేరు పెట్టాను. కొసరు మొక్కలకి కూడా ఆ నీడే కావాలి కాబట్టి అవీ ఆసుపత్రి పక్కనే ఉండేవి.

ఇక ఆ కొసరు మొక్కలు వచ్చేది ఎక్కడినుంచి? నర్సరీ వెనక ఒక రసం మామిడి చెట్టుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ తిని పారేసిన టెంక నుంచి మొలిచిందట. పెద్ద రసం కాదు, చిన్న రసం కాదు, పేరంటూ లేదు. పీచు తక్కువ, రసం చిక్కన, తిన్నాక ఒక గంటసేపు వేరే ఏదీ నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. ఆ చెట్టు అంటే ఆవిడకి ప్రాణం. నర్సరీలో అమ్మే అంట్లన్నీ రిజిస్ట్రేషన్‌లో రాయించిన తల్లి చెట్లవే. వాటన్నిటికీ ట్యాగులుంటాయి. ఈ రసం చెట్టు మాత్రం అందులో లేదు. అంటుకట్టడానికి దాని నుంచి కోసే పుల్లలు కొసరుకే.

నాకూ లైసెన్సు ఉంది, తనిఖీలంటే ఏంటో తెలుసు. అందుకే ఒకసారి కంచె దగ్గర నిలబడి అడిగాను.

“అక్కయ్య గారూ, నర్సరీల చట్టమని ఒకటుంది కదా. రాయించని చెట్టు అంట్లు బయటికి పంపొచ్చా?”

“నేను అమ్మితే కదా తమ్ముడూ చట్టం? ఊరికే ఇచ్చేదానికి చట్టమేంటి? ఇంటికొచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వడానికి లైసెన్సు తీసుకున్నావా నువ్వు?”

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు సబబుగానే తోచింది. మా రోడ్డులో ఎవరిని అడిగినా అదే అనేవాళ్లు.

ఈ ఏడు తొలకరి పడి, అంటుమొక్కల అమ్మకం ఊపందుకునే వేళకి ఉద్యాన శాఖ నుంచి కొత్తమ్మాయి వచ్చింది. మనోజ్ఞ ఆ పిల్ల పేరు. స్కూటీ దిగి, చున్నీ నడుముకి కట్టుకుని, వరస వరసా వంగి చూసుకుంటూ పోయింది. అమ్మే మొక్కలన్నీ బాగున్నాయంది. నాగేంద్రమ్మ గారు మజ్జిగ తెప్పించబోతుంటే ఆ పిల్ల కంచె వారకి వచ్చి ఆగిపోయింది. నేను కొట్లోంచి చూస్తూనే ఉన్నాను.

“ఇవేంటమ్మా, ట్యాగుల్లేవు?”

“కొసరువి తల్లీ.”

“కొసరేంటి?”

నేను పకపకా నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఒక మొక్క పైకెత్తి చిగురు విడదీసి చూసింది, ఇంకోటి చూసింది. చిగురు పొడుగ్గా సాగకుండా చీపురు పుల్లల్లా ఒకచోటే గుబురు కట్టింది. నా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా పురుగుమందులు అమ్ముతున్నాను, అదేంటో నాకు తెలుసు. పెద్ద చెట్టుకి వస్తే పూత ముద్దకట్టి, కాయ పట్టకుండా నల్లగా ఎండి కొమ్మకే వేలాడుతుంది. నా కొట్లో దానికి ఒక్క చుక్క మందు లేదు. ఉన్నా నయం కాదు. కోసి కాల్చాలి, అంతే.

“ఇది పుల్లతో పాటు పోయే తెగులమ్మా. ఈ పుల్లలు ఏ చెట్టువి?” అంది మనోజ్ఞ.

నాగేంద్రమ్మ గారు వెనక ఉన్న రసం చెట్టు వైపు చెయ్యి చూపించింది. చూపించిన చెయ్యి దించకుండా మళ్లీ అదే వాదన మొదలుపెట్టింది. “అయినా ఇవి అమ్మేవి కాదు తల్లీ, ఊరికే...”

“అమ్మినా ఇచ్చినా ఒకటేనమ్మా. గేటు దాటితే మొక్క మొక్కే. మీరు ఊరికే ఇచ్చారని తెగులు ఊరుకోదు కదా.”

మెల్లిగానే అంది. కానీ చెప్పాల్సింది చెప్పేసింది. సంగతి తేలేదాకా నర్సరీలో ఒక్క మొక్క కదలకూడదు. తెగులు ఆ చెట్టుదే అయితే చెట్టు కొట్టేయాలి.

దేనికైనా ఠక్కున జవాబు చెప్పే మనిషి, కవర్ల పక్కన మట్టిలో చతికిలబడింది. “అమ్మకాలు ఆపమంటే ఆపుతాను. నర్సరీ మూసేయమన్నా మూసేస్తాను. చెట్టు జోలికి మాత్రం రావద్దు తల్లీ” అంది. ఆవిడ గొంతు అలా వినడం నాకు అదే మొదలు. గల్లాపెట్టె తాళం కూడా వేయకుండా కంచె దాటి వెళ్లాను.

ముగ్గురం వెళ్లి చెట్టుని చూశాం. కిందటేడు గాలివానకి కొమ్మలు విరిగితే ఆవిడే బాగా నరికించింది. అందుకని ఈ ఏడు పూతే లేదు, అంతా లేత చిగురే. “పూసి ఉంటే ఒక్క చూపులో తేలిపోయేది” అంది మనోజ్ఞ. “ల్యాబ్‌కి పంపుతాను. దానికి టైమ్ పడుతుంది. ఈలోగా, లోగడ మీరిచ్చిన అంట్లు ఎక్కడున్నాయో చూపించండమ్మా. అవి శుభ్రంగా ఉంటే తప్పు చెట్టుది కాదు, ఇక్కడే ఏదో అంటుకుందన్నమాట.”

మా ఓమ్నీ వ్యాన్ తీశాను. రమ్మంటే మనోజ్ఞ ఎక్కలేదు. “మీకూ లైసెన్సు ఉంది కదండీ, బాగోదు” అని స్కూటీ మీదే వెనకాల వచ్చింది. ఏసీ లేని నా డొక్కు వ్యాన్ ఎక్కితే అవినీతి ఎక్కడినుంచి వస్తుందో నాకైతే అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల మీద గౌరవం పెరిగిన మాట వాస్తవం.

ముందు చాట్రాయిలో, లోగడ కొసరు పుచ్చుకున్న జగన్మోహనరావు ఇంటికి వెళ్లాం. కొసరు మొక్క చేతిపంపు పక్కన నడుమెత్తు పెరిగి ఉంది. మమ్మల్నీ, ఆఫీసరు మెడలో ఐడీ కార్డునీ చూసి ఆయన ఏమనుకున్నాడో, పరుగున వచ్చి మొక్కకి అడ్డం నిలబడ్డాడు.

“ఏంటి నాగేంద్రమ్మా, ఇచ్చింది వెనక్కి అడగడానికి ఆఫీసరుని కూడా వెంటేసుకొచ్చావా?”

“ఛీ ఛీ, ఇచ్చింది వెనక్కి తీసుకుంటానా? చూసి పోతాం, పక్కకి తప్పుకో.”

ఆయన తప్పుకోలేదు. మనోజ్ఞ ఆయన చంక కిందనుంచి వంగి చూడాల్సి వచ్చింది. ఆ మొక్క శుభ్రంగా ఉంది. ఆ తర్వాత విస్సన్నపేట వెళ్లాం. టిఫిన్ హోటల్ వెనక, జనం చేతులు కడిగే తొట్టి దగ్గర ఇంకో మొక్క. వచ్చేపోయే వాళ్లందరి సాంబారు చేతుల నీళ్లు తాగి నవనవలాడుతోంది. అదీ శుభ్రంగా ఉంది. నాగేంద్రమ్మ గారి మొహంలోకి కాస్త నెత్తురొచ్చింది. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

మనోజ్ఞ మాత్రం తల అడ్డంగా ఊపింది. “ఇవి చిన్న మొక్కలమ్మా. ఇప్పుడు బాగున్నా తర్వాత బయటపడొచ్చు. పూతకొచ్చిన చెట్టు ఒక్కటి చూస్తే గానీ నేను గట్టిగా చెప్పలేను. మొదట్లో ఎవరికిచ్చారు?”

నాగేంద్రమ్మ గారు ఒక్క క్షణం నా వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుని రోడ్డు మీద పోయే ట్రాక్టరుని చూస్తూ, “గుర్తులేదు తల్లీ. ఎప్పటి మాటో” అంది.

గుర్తులేదా? ఆవిడకా? ఇచ్చిన ప్రతి మొక్కకీ చోటు అడిగి మరీ ఇచ్చిన మనిషికి గుర్తులేదా?

మొట్టమొదటి కొసరు మా ఇంట్లోనే ఉంది. నేను కొట్టు తెరిచిన కొత్తల్లో మా మామగారి చేను కోసం బంగినపల్లి అంట్లు కొన్నాం. ఆవిడ కొసరు చేతిలో పెట్టి ఎక్కడ పెడతావని అడిగితే, “ఎక్కడో ఓ చోట” అన్నాను. ఠక్కున వెనక్కి లాక్కుంది. అప్పుడు మా ఆవిడ భారతి కలగజేసుకుని, “పెరట్లో, గిన్నెలు కడిగే చోట అక్కయ్య గారూ” అంటే భారతి చేతికిచ్చింది. ఆ చెట్టు ఇప్పుడు మా మేడ మీదికి పెరిగింది. ఆ రసం పిండనిదే ఎండాకాలంలో మా ఇంట్లో విస్తరి పడదు. భారతి దాని పళ్లతో తాండ్ర పోస్తుంది, దాని కిందే కూర్చుని బియ్యం ఏరుతుంది, నా మీద కోపమొస్తే దానికే చెప్పుకుంటుంది. దానికి గానీ తెగులుంటే రెండు చెట్లూ పోతాయి. నర్సరీలోదీ, మాదీ. అందుకే ఆవిడ అబద్ధమాడింది. ఇచ్చిన దాని మీదికి చట్టాన్ని తీసుకురాలేక తన ప్రాణంలాంటి చెట్టుని వదిలేసుకుంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా చెట్టుని కాపాడమని ఈవిడని ఎవరడిగారు? పోనీ మా చెట్టు మీద నల్లటి ముద్దలు ఉన్నాయా లేవా అని గుర్తు తెచ్చుకుందామంటే ఏమీ గుర్తు రాదు. తినడమే తప్ప ఏనాడైనా తలెత్తి చూస్తేగా! భారతి మొహం కళ్లముందు కదిలింది. అయినా నోరు ఊరుకోలేదు.

“ఉందమ్మా. పూతా కాపూ అన్నీ ఉన్నాయి. మా ఇంట్లోనే ఉంది” అన్నాను.

“నీకేమైనా పిచ్చా తమ్ముడూ?” అంది నాగేంద్రమ్మ గారు.

“ఆ, పిచ్చే. వ్యాన్ ఎక్కండి.”

నూజివీడులో ఇంటికెళ్లి భారతికి సంగతి చెప్పాను. “తెగులుంటే కొట్టేస్తారా?” అని తను మనోజ్ఞనే అడిగింది. “కొట్టేయాలండీ” అంది ఆ పిల్ల, కళ్లలోకి చూస్తూనే. భారతి లోపలికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లి నిచ్చెన తెచ్చింది.

మనోజ్ఞ పైకెక్కింది. మేం ముగ్గురం కింద నిలబడ్డాం. కొమ్మ కొమ్మా పక్కకి జరిపి చూస్తోంది. ఒకచోట ఆగింది. ఆకుల మధ్య నల్లగా, గుప్పెడంత ముద్ద ఒకటి నాకూ కనిపించింది. నాగేంద్రమ్మ గారు భారతి చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని వేంకటేశ్వరస్వామికి ఏవేవో మొక్కేశాను, గుండుతో సహా.

“అమ్మో!” అని పైనుంచి కేక.

కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల చేతులు దులుపుకుంటూ గబగబా దిగేస్తోంది. ఆ ముద్ద ఎర్రచీమల గూడు. ఆకులు కలిపి కట్టుకుని, ఎండిపోయి నల్లబడింది. చీమలు మోచేతులదాకా పాకి కుట్టేశాయి. మా ఆవిడ కొబ్బరినూనె తెచ్చి రాస్తుంటే, మనోజ్ఞ ఒకపక్క ఉఫ్ ఉఫ్ అంటూనే, “ఏమీ లేదండీ. పూత కాడలన్నీ మామూలుగా ఉన్నాయి. చెట్టు శుభ్రంగా ఉంది” అంది.

నాగేంద్రమ్మ గారు ఏడ్చేసింది. దాచుకోలేదు, భారతి భుజం మీద తల పెట్టి గట్టిగానే ఏడ్చింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఎవరూ అడక్కుండానే వెళ్లి అందరికీ కాఫీ పెట్టాను. పంచదార మర్చిపోయాను. అందరూ అలాగే తాగేశారు.

పళ్లు ఇస్తే ఇంటికి పట్టుకెళ్లనంది మనోజ్ఞ. “ఇక్కడ తింటే తప్పు లేదుగా?” అని భారతి ఒకటి చేతిలో పెట్టింది. గిన్నెలు కడిగే చోట వంగుని, మోచేతుల మీదుగా రసం కారుతుంటే, ఆ ఆఫీసరమ్మ టెంక తెల్లబడేదాకా చీకింది. “ఇది ఏం రకమండీ?” అని అడిగింది. “పేరు లేదు తల్లీ” అంది నాగేంద్రమ్మ గారు ముక్కు తుడుచుకుంటూ.

మరి తెగులు ఎక్కడినుంచి వచ్చినట్టు? నర్సరీకి తిరిగొచ్చాక మనోజ్ఞ ఆసుపత్రి వరసలోకి వెళ్లింది. అందులో ఎవరో తెచ్చిచ్చిన ఒక అంటు, చీపురులా గుబురు కట్టి, కొసరు మొక్కల్ని ఆనుకుని ఉంది. మంచి మట్టి, నీడ, రోజూ నీళ్లు. తెగులుకి ఆవిడ చేసిన సేవ అంతా ఇంతా కాదు.

“ఇది ఎవరిదమ్మా?”

“ఎవరిదో... పాపం, బతికిద్దామనుకున్నాను.”

“తెగులున్నదాన్ని బతికిస్తే పక్కవి చస్తాయమ్మా. ఇంక ఆసుపత్రి పెట్టొద్దు.”

ఆసుపత్రీ, ఈ ఏటి కొసరు మొక్కలూ అన్నీ గుంటలో వేసి కాల్చారు. ఈ తొలకరిలోనే గేటు దాటిన కొసరు మొక్కల వాళ్లకి ఫోన్లు చేసి వాటినీ వెనక్కి తెప్పించారు. ఇచ్చింది వెనక్కి తీసుకోనన్న మనిషి, ఒక్కొక్కరికీ చెయ్యి జోడించి మరీ తీసుకుంది. మంట పెట్టేటప్పుడు కూలీలని రానివ్వలేదు, తనే పెట్టింది. పొగకి కళ్లు మండుతున్నాయని చెప్పింది. నేనూ పొగేనన్నాను. పది రోజులకి, చెట్టులో తెగులు లేదని ల్యాబ్ రిపోర్టు రాగానే మనోజ్ఞ మళ్లీ వచ్చి, ఉన్న మొక్కలన్నీ చూసి, అమ్ముకోవచ్చంది. రసం చెట్టుకి మాత్రం వచ్చే పూతదాకా ఆగాలి, పూత చూసి అది కూడా బాగుంటే తల్లి చెట్టుగా రాయిద్దామంది. అప్పటిదాకా దాని పుల్ల కోయకూడదు. అమ్మకూడదు, ఇవ్వకూడదు.

“ఇవ్వకూడదు” అన్నప్పుడు నా వైపు కూడా ఒకసారి చూసింది. నేనెందుకిస్తాను? పిసినారి పాండురంగారావునిగా!

అమ్మకాలు తెరిచిన రోజు మొదట ముసునూరు రైతు ఒకాయన వచ్చాడు. అంట్లు ట్రాలీ ఆటోకి ఎక్కించుకున్నాడు, డబ్బులిచ్చాడు, కదలకుండా నిలబడ్డాడు. నాగేంద్రమ్మ గారి చెయ్యి అలవాటుగా కంచె వారకి పోయింది. అక్కడ ఉత్త నేలే ఉంది. ఆవిడ చెయ్యి ముడుచుకుని, “ఈ ఏటికి లేదు నాయనా” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం నేను చూడలేకపోయాను. తల దించుకుని బస్తాలు లెక్కపెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం క్యారేజీతో పాటు భారతి ఒక గంప కూడా తెచ్చి నా గల్లాపెట్టె పక్కన పెట్టింది. మూత తీస్తే మా పెరటి రసాలు.

“ఇదేంటి?”

“కొసరు. అక్కయ్య గారి దగ్గర కొన్నవాళ్లు ఎలాగూ ఇటే వస్తారుగా. పండు ఇవ్వొద్దని చట్టంలో లేదు. ఆఫీసరమ్మని అడిగే తెచ్చాను.”

“నా కొట్లో కొసరా? నీకు మతి ఉందా?”

భారతి క్యారేజీ విప్పింది. ఇంతలో పొద్దుటి రైతే తిరిగొచ్చాడు. ఎరువు బస్తా ఎత్తించుకున్నాడు, డబ్బులిచ్చాడు, కదలడే! ఏళ్ల తరబడి నా ప్రాణం తీసిన ఆ నిలబడటమే. తిట్టడానికి నోరు తెరిచాను. చెయ్యి మాత్రం గంపలోకి వెళ్లి ఒక పండు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన బిత్తరపోయి పండునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

కంచె అవతలనుంచి కేక వినిపించింది. “తమ్ముడూ! అది చిన్నది. మార్చివ్వు.”

మార్చి ఇచ్చాను.